సవతి రూపు

పోర్టు గుమాస్తాకి ఉండదగిన పిచ్చిలు రెండే, పేకాటా సినిమాలూ. ఆ రెండూ నాకు లేవని వాకబు చేసుకుని మా మావగారు సంబరంగా పిల్లనిచ్చారు. మూడో పిచ్చి గురించి ఆయనకెవరూ చెప్పలేదు.

నేను గ్రీకు, రోమను నాణేలు పోగుచేస్తాను. అమలాపురం దగ్గర పల్లెటూళ్ళో పుట్టి, విశాఖపట్నం పోర్టులో ఓడల సరుకు లెక్క రాసుకునే అచ్యుతరామయ్యకి ఎప్పుడో చచ్చిపోయిన రోము రాజులతో ఏం చుట్టరికమని మా ఆవిడ వెంకటరమణమ్మ పదేళ్ళుగా అడుగుతోంది. పదేళ్ళుగా నా దగ్గర జవాబు లేదు.

ఇనప ఖనిజం కోసం మా పోర్టుకి గ్రీకు ఓడలు వచ్చేవి. ఆ నావికులు నా బలహీనత పట్టేశారు. "అలెగ్జాండర్! అలెగ్జాండర్!" అంటూ జేబులోంచి బిళ్ళ తీసేవారు, నేను మెడలో గొలుసు తప్ప ఏదడిగితే అది ఇచ్చేసేవాణ్ణి. ఒక ఓడలో కెప్టెను వదిలేసి వెళ్ళిన, పాత నాణేల మీద ఇంగ్లీషు పుస్తకం దొరికాక, భూతద్దం పెట్టుకుని కూచుంటే తేలింది ఏమిటంటే, నా దగ్గరున్న నలభై ఒక్క నాణేల్లో ముప్పై రెండు ఏథెన్సు బజార్లో పోతపోసిన నకిలీలు. మిగిలిన తొమ్మిదీ నిజమైనవే గానీ, వాటి మీద ఉన్నది రాజు మొహమో అప్పడమో చెప్పలేనంతగా అరిగిపోయిన రాగి బిళ్ళలు. నేను వాటిని తోముతూ కూచుంటే మా ఆవిడ అటు వెళ్తూ ఒకసారీ ఇటు వస్తూ ఒకసారీ "చెల్లని కాసుకి గీతలెక్కువ" అనేది. కాసునంటోందో నన్నంటోందో నేను అడగలేదు.

బంగారు రోమను నాణెం మాత్రం పుస్తకంలో బొమ్మ చూడడమే. చచ్చేలోగా ఒక్కటి చేత్తో పట్టుకోవాలని ఉండేది.

డెబ్భై తొమ్మిదిలో ఒక ఆదివారం, చినవాల్తేరులో మా ఇంటి మెట్ల మీద పైడితల్లి కత్తిపీట వేసుకుని వంజరం ముక్కలు కోస్తోంది. జాలరిపేట మనిషి. ఎనిమిదేళ్ళుగా మా వీధికి చేపలు తెచ్చేది ఆవిడే. ముక్కకీ ముక్కకీ మధ్య మా ఆవిడతో దెబ్బలాట. వంగినప్పుడు నల్లతాడుకి కట్టిన బంగారు బిళ్ళ ఒకటి కొంగులోంచి బయటికి జారింది. పేపరు చదువుకుంటూ యథాలాపంగా చూశాను. చూసి పేపరు కింద పెట్టేశాను.

పక్కకి తిరిగిన ఆడమనిషి తల. జుట్టు పాయలు పాయలుగా చుట్టి నడినెత్తిన ముడి వేసి ఉంది. చుట్టూ అక్షరాలు. తాడు కోసం తల పైన రెండు చిల్లులు. ఆ ముడి నాకు తెలుసు. పుస్తకంలో నూట పన్నెండో పేజీ.

"పైడితల్లీ, మెడలో అదేంటి?"

"ఇదా బాబూ? మా సవితి."

మా ఆవిడ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా వైపు కూడా ఉంది ఆ ఆచారం. మొదటి భార్య పోయాక రెండో పెళ్ళి చేసుకుంటే, పోయినావిడ రూపు బిళ్ళ మీద కొట్టించి రెండో భార్య మెడలో వేస్తారు. కొత్త చీర కడితే ముందు ఆవిడకి చూపించి, పసుపూ కుంకుమా ఆవిడకి పెట్టి, తర్వాత తను పెట్టుకోవాలి. లేకపోతే ఆవిడకి కోపం వస్తుందంటారు.

"మాయత్త ఏసింది బాబూ, పెళ్ళిలో. మా మావ బీమిలి రోడ్డుకాడ కొండవార మట్టి తవ్వుతుంటే దొరికిందంట. ఆడమడిసి మొకం ఉండనే ఉన్నాది, మళ్ళీ కంసాలికి ఇచ్చీడం ఎందుకు, ఇదే మన సిట్టెమ్మ అనీసి నా మెళ్ళో కట్టీసినారు."

తాడు బారుగా లాగి, చేప పొలుసులంటిన వేళ్ళతో బిళ్ళని పట్టుకుని చూపించింది. భూతద్దం తెచ్చుకుని చుట్టూ ఉన్న అక్షరాలు చదివాను. దివా ఫాస్టినా. వెనక్కి తిప్పమన్నాను. కాగడా పట్టుకున్న దేవత. సందేహం లేదు, అంటోనినస్ చక్రవర్తి భార్య ఫాస్టినా, పద్దెనిమిది వందల ఏళ్ళ నాటి బంగారు నాణెం, నా ఇంటి మెట్ల మీద వంజరం వాసన వేస్తోంది.

"దీనికి రెండింతల బంగారం ఇప్పిస్తాను. నాకిచ్చెయ్," అన్నాను.

"సవితిని అమ్ముకున్న ఆడదాన్ని ఎక్కడైనా సూసేరేటి బాబూ?" అని నవ్వి, బిళ్ళని లోపలికి తోసేసుకుంది. "అయినా ఈవిడి నాది కాదు. మా సీతాలుది. ఆళ్ళమ్మ పోయినప్పటికి దానికి పది నెల్లు. పోటో కూడా నేదు. అది తల్లి మొకం సూసిందంటే ఇందులోనే. ఇస్కూలుకి ఎల్లే ముందు రోజూ నా మెళ్ళోది అందుకుని ఓసారి సూసుకుని ఎల్తాది."

ఇది విన్నాను. మనసుకి మాత్రం పట్టలేదు. పిచ్చివాడికి చెవులుంటాయి గానీ అవసరమైనదే వినిపిస్తుంది.

నెల తిరక్కుండా పైడితల్లి తనంతట తనే బిళ్ళ తెచ్చి నా చేతిలో పెట్టింది. చిల్లు అరిగి అంచు తెగేలా ఉంది.

"సముద్రంలో పడిపోతే సీతాలుకి నానేటి సెప్పను బాబూ? మార్కెట్టుకి నాను ఎల్తే మోసం సేసీగలరు. మీరు సదువుకున్నోరు. నమ్మకమైన కంసాలి సేత తాడు పట్టే సెవి అతికించీసి తెండి."

వన్ టౌన్‌లో నీలకంఠం అని నాకు తెలిసిన కంసాలి ఉన్నాడు. దారంతా బిళ్ళ నా పిడికిట్లో ఉంది. జేబులో వేసుకోబుద్ధి కాలేదు. వెళ్ళేసరికి నా బుద్ధి ఎంత వంకర తిరగాలో అంతా తిరిగిపోయింది. చెవి అతకమనలేదు. మా మావగారు పెట్టిన ఉంగరం వేలినుంచి తీసి, దీన్ని కరిగించి అచ్చం ఇలాంటి బిళ్ళే పోతపోసి పెట్టమన్నాను.

"రెండోది ఎవులికి బాబూ?" అన్నాడు నీలకంఠం.

"మా ఆవిడకి," అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పైడితల్లికి ఏం నష్టం, అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. బంగారం అంతే, బొమ్మ అదే, పైగా చెవి గట్టిది. ఆవిడకి కావలసింది రూపు, నాకు కావలసింది రోము. నాలుగు రోజులు ఈ పాటే పాడుకున్నాను. ఉంగరం ఏమైందని మా ఆవిడ అడిగితే ఆఫీసులో సబ్బుతో చేతులు కడుక్కుంటుంటే జారిందని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో కూడా చెప్పలేదు, అది ఇంకా భయం.

ఆదివారం పొద్దున్న కొత్త బిళ్ళ పొట్లం కట్టుకుని జాలరిపేట వెళ్ళాను. అసలుది చొక్కా లోపలి జేబులో ఉంది. ఇంట్లో వదిలి రావడానికి మనసొప్పలేదు.

ఇంటి ముందు ఇసకలో పైడితల్లి మొగుడు పోలిరాజు వల బాగుచేసుకుంటున్నాడు. మాటలు తక్కువ మనిషి. నన్ను చూసి తల ఊపి స్టూలు జరిపాడు. పైడితల్లి పొట్లం అందుకునేలోపే లోపల్నించి ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి లాక్కుంది. పన్నెండు పదమూడేళ్ళుంటాయి. నాలుగు రోజులుగా ఎదురుచూస్తున్నదని ఆ లాక్కోవడంలోనే తెలిసింది.

పొట్లం విప్పింది. చూసింది. బొటనవేలుతో బిళ్ళ మీద మొహాన్ని ఒకసారి రాసింది.

"ఇది మాయమ్మ కాదు."

"ఏటే, కొత్తగా మెరుగెట్టినారు, అందుకూ," అంది పైడితల్లి.

"కాదు పిన్నీ. కన్ను కింద గీత నేదు. ముక్కు సూడు, మొద్దుగా ఉన్నాది. మాయమ్మ ముక్కు ఇలాగుండదు." బిళ్ళ పైడితల్లి చేతిలో పెట్టేసింది. "కంసాలి మార్సీసినాడు. మాయమ్మని ఎవులికో ఇచ్చీసినాడు."

పైడితల్లి కొంగు బిగించింది. "ఏదీ ఆడి కొట్టు? పదండి బాబూ, ఆణ్ణి ఈయేళ..."

ఆ పిల్ల ఏడవకుండా ఉండడానికి పళ్ళు బిగించి నిలబడింది. నీలకంఠం పాపం నిజాయితీపరుడు. పన్నెండేళ్ళుగా పైడితల్లి మెడలో ఉన్న మనిషి నా జేబులో ఉంది. ఇంకో నిమిషం మాట్లాడకపోతే ఇక జన్మలో మాట్లాడలేనని తెలిసింది. అసలు బిళ్ళ తీసి సీతాలు చేతిలో పెట్టాను.

"కంసాలి కాదమ్మా. నేనే. ఇది నేను ఉంచేసుకుని అది మీకిద్దామనుకున్నాను."

సీతాలు బిళ్ళని గుండెకి హత్తుకుంది. పోలిరాజు చెయ్యి వల మీద ఆగింది. పైడితల్లి నన్ను చూసిన చూపు చెప్పను.

"కంసాలైతే సెప్పుతో కొడుదును," అంది చివరికి. "మిమ్మల్ని ఏటి సెయ్యాల? నమ్మి ఇచ్చేను కదా బాబూ."

తప్పయిందని చేతులు జోడించాను. వెళ్ళిపోదామని లేచాను. సీతాలు దారికి అడ్డం వచ్చింది.

"అంత కావాలనుకున్నారంటే ఇదేటో మీకు తెలుసు. ఇందులో ఏటి రాసుంది? డి, ఐ, వి, ఎ అని నాను సదివేను. సిట్టెమ్మ అని నేదు. మా మేస్టారుకీ తెల్నేదు."

అంటే ఆ పిల్లకి ఎన్నాళ్ళుగానో అనుమానం ఉంది. అనుమానం ఉన్నా రోజూ చూసుకుంటూనే ఉంది. అమ్మ అని రాసుందని చెప్పెయ్యొచ్చు, పుణ్యం కూడా వస్తుందనుకున్నాను. కానీ ఒక నకిలీ ఇచ్చి దొరికిపోయిన నిమిషాల్లోనే రెండోది ఇవ్వడానికి నోరు రాలేదు.

"ఇది మీ అమ్మ కాదమ్మా. చాలా దూరాన, చాలా ఏళ్ళ కిందట ఒక రాజు ఉండేవాడు. ఆయన భార్య ఈవిడ, పేరు ఫాస్టినా. ఆవిడ పోయింది. ఆయన తట్టుకోలేకపోయాడు. గుడి కట్టించాడు. మనిషి మొహం మర్చిపోకూడదని బంగారు బిళ్ళల మీద కొట్టించి దేశమంతా పంచాడు. 'దేవతైన ఫాస్టినా' అని రాసుంది."

పైడితల్లి గడప మీద కూచుంది. "అయితే అది కూడా రూపే అన్నమాట," అంది మెల్లిగా. "రాజైనా, జాలరోడైనా, పెళ్ళాం పోతే సేసింది ఇదే కదా."

ఇన్నేళ్ళుగా నేను పుస్తకంలో చదువుతున్నది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. పదేళ్ళుగా మా ఆవిడ అడుగుతున్న చుట్టరికం ఏమిటో కూడా నాకు అప్పుడే అర్థమైంది.

సీతాలుకి మాత్రం ఇదేమీ పట్టలేదు. "అయితే మాయమ్మ ఎలాగుండేదో ఎవులికీ తెల్దు," అంది.

"నాకు తెల్సు," అన్నాడు పోలిరాజు.

ముగ్గురం అటు తిరిగాం. అతను వల వైపే చూస్తూ కూచున్నాడు. పైడితల్లి మొహం ఒకసారి మారి మళ్ళీ మామూలైంది.

"ఎన్నడూ సెప్పనేదేటి?" అంది.

"నువ్వేటనుకుంటావో అనీసి."

"పన్నెండేళ్ళుగా మెళ్ళో ఏసుకుని తిరుగుతన్నాను, ఇంకేటనుకుంటాను? సెప్పు. పిల్ల అడుగుతాంది."

అప్పుడు చెప్పాడు. చిట్టెమ్మ పొట్టిగా ఉండేదట, చామనచాయ. ఎడమ చెయ్యి వాటం. కళ్ళు చిన్నవి, నవ్వితే మూసుకుపోయేవి. వల మీద కూచుని పాడేది, గొంతు బాగుండేది కాదు, అయినా పాడేది. పడవ ఆలస్యమైతే ఒడ్డున నిలబడి సముద్రాన్ని పేరు పెట్టి తిట్టేది. చెప్తూ చెప్తూ కూతురి వైపు చూసి, "నీలాగే ఉండేది. నిన్ను సూత్తే సాలు," అన్నాడు. పన్నెండేళ్ళుగా లోపలున్నదంతా ఒక్క పొద్దులో ఖర్చు పెట్టేసి మళ్ళీ వల చేతిలోకి తీసుకున్నాడు.

సీతాలు తన ముక్కు తడిమి చూసుకుంది, బుగ్గలు తడిమి చూసుకుంది. తర్వాత వెళ్ళి పైడితల్లి మెడలో బిళ్ళ తనే కట్టింది. ముడి వేస్తూ అడిగింది.

"పిన్నీ, నీకు పోటో ఉందా?"

"నాకేటి పోటోలే!"

"మరి నువ్వు పోతే నాను ఎవుల్ని సూడాల?"

"నోరు ముయ్యే! పొద్దుపొద్దున్న నన్ను సంపీసేలాగున్నాది," అని పైడితల్లి పొయ్యి చూసే వంకతో లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి వెలిగించి లేదు.

కొత్త బిళ్ళ మాకొద్దని నాకే ఇచ్చేశారు. ఇంటికెళ్ళి మా ఆవిడకి అంతా చెప్పాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, ఆ బిళ్ళని డబ్బాలో ఏ వైపు పెట్టారని అడిగింది. నకిలీల వైపు పెట్టానని చెప్పాను. అవి ముప్పై మూడయ్యాయి. "దానికి మాత్రం గీతలు లేవులే," అంది. క్షమించినట్టు లెక్క.

మరుసటి ఆదివారం ఫోటో స్టూడియోకి వన్ టౌన్ వెళ్ళాం. దారిలో నీలకంఠం కొట్లో, పైడితల్లి కళ్ళ ముందే, అసలు బిళ్ళకి చెవి అతికించాం. పైడితల్లి కట్టుకున్నది మా ఆవిడ పెట్టిన కొత్త చీర. అది ముందు బిళ్ళకి చూపించే కట్టిందట, అందులో ఉన్నావిడ ఏ దేశపు రాణి అయినా సరే. కుర్చీలో ఓడ కెప్టెనులా బిగుసుకుని కూచుంది. పక్కన నిలబడ్డ సీతాలుని రసీదు పుస్తకం పట్టుకున్న ఫోటోగ్రాఫరు పేర్లు అడిగాడు.

"సీతాలు. మాయమ్మ పైడితల్లి," అంది పిల్ల.

కొంగు సర్దుకుంటున్న పైడితల్లి చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాసేపటికి ఫోటోగ్రాఫరుని తిట్టడం మొదలుపెట్టింది, నీ లైటు కళ్ళల్లో కొడతాంది, నీళ్ళు కారతన్నాయి, ఇదేటి స్టూడియో అని. అతను అప్పటికింకా లైటు వెయ్యలేదు.