గంట మోగేదాకా ఆగే పొగ

కోమలవల్లి పొద్దున్నే తలకు పోసుకుని, కొంగును ముక్కుకు అడ్డంగా చుట్టుకున్నాకే పొయ్యి ముట్టిస్తుంది. స్వామికి నివేదన కాకముందు వంట రుచి చూడకూడదు, సరే. ఆ ఇంట్లో వాసన కూడా చూడకూడదు. అది అత్తగారు నేర్పిన పద్ధతి. పోపులో ఇంగువ పడ్డా, నేతిలో జీడిపప్పు వేగినా, పూజగదిలో గంట మోగేదాకా ఆమె ముక్కుకు ఉపవాసమే. దేవస్థానం ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే భర్త ముకుందం ఆ గంట కాస్త ఆలస్యంగా కొట్టాడంటే, వంటింట్లో గిన్నెలు మోగేవి.

అలాంటి ఇంటికి కరెంటు గ్రిల్లు వచ్చింది.

ముకుందం స్నేహితుడు చక్రధర్‌కి ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉంది. మోజుపడి దాన్ని మద్రాసు నుంచి తెప్పించాడు. ఆరుబయట పెట్టుకుని కాల్చుకునే యంత్రం. లోపల కమ్మీలు ఎర్రబడతాయి, పక్కనున్న చిన్న అరలో చెక్కముక్కలు వేస్తే పొగ లేచి ఆ కమ్మదనం వంటకు పడుతుంది. తిరుపతిలో దాన్ని కొనే నాథుడు లేకపోయాడు. "కొన్నాళ్లు వాడి సూడండప్పా, బాగుంటే నలుగురికీ చెప్పండి" అని తెచ్చి వీళ్ల మిద్దె మీద దించాడు. అట్టపెట్టె నిండా కోడికాళ్లూ చేపలూ బొమ్మలు. కోమలవల్లి పెట్టెను గోడ వైపు తిప్పేసింది. యంత్రం మీద తులసినీళ్లు చల్లబోతుంటే చక్రధర్ పరుగెత్తుకొచ్చి ప్లగ్గు పీకాడు.

మొదటిరోజు వంకాయలు పెట్టింది. మామిడి చెక్క రాజుకుని మూత సందుల్లోంచి పొగ వచ్చింది. వచ్చి, పిట్టగోడ దాకా పోయి ఆగింది. వాసన బయటికి పోనీకుండా, ఉతికిన పంచెలా మడతలు పెట్టుకుని గోడ మీద కూర్చుంది. కింద ముకుందం గంట కొట్టాక లేచి వీధిలోకి దిగింది. అప్పుడు చూడాలి, వీధి వీధంతా కాల్చిన వంకాయ ఘుమఘుమ. మర్నాడు కూడా అట్లాగే వచ్చి కూర్చుంటే పక్కింటి శకుంతలమ్మ, "ఆ పొగను కాస్త అట్లా జరుపుకోమ్మా, అప్పడాలు ఎండేసుకోవాల" అంది. కోమలవల్లి జరిపింది.

ఇక ఆమెను పట్టేవాళ్లు లేకపోయారు. నెయ్యి రాసిన మొక్కజొన్న కంకులు, మిరియాల పొడి అద్దిన అరటికాయలు, కంద, తొక్కతోనే చెనక్కాయలు, బెల్లం పూసిన అనాస ముక్కలు. ఒకరోజు గడ్డపెరుగుకు పొగ పట్టించి దద్దోజనం కలిపింది. ముకుందం ఆఫీసు నుంచి రావడమే, చొక్కా విప్పకుండా మిద్దెక్కేసేవాడు.

ఆ సంబరం అంటనిది ఒక్క శేషసాయికే. ముకుందం తమ్ముడు. పెళ్లివంటలు చేసేవాడు. పెళ్లిళ్లలో వదినగారి పట్టింపులు ఉండవు కాబట్టి, ఉడుకుతున్న అండా పక్కన నిలబడి ఆవిరి పీల్చి, ఉప్పు చాలదో పులుపు ఎక్కువైందో చెప్పేసేవాడు. ఆ ఏడాది ఊరంతా తిరిగిన విషజ్వరం అతన్నీ పట్టుకుని, పోతూ పోతూ ముక్కును పనికిరాకుండా చేసిపోయింది. కర్పూరమూ కిరసనాయిలూ అతనికి ఒకటే అయ్యాయి. ఒక పెళ్లిలో సాంబారు మాడిపోతున్నా తెలియక కలుపుతూనే ఉన్నాడు. ఆ తలవంపు తర్వాత వంట మానేసి, సూళ్లూరుపేటలో ఎవరిదో గోడౌనుకు కాపలా ఉండటానికి ఒప్పుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం బస్సు.

చేతులతో అన్నం కలిపి పెట్టి పెంచిన మరిది. కోమలవల్లి అతన్ని ఆపబోయింది.

"ఇంకొన్నాళ్లు చూడరాదా శేషూ. నయమవుతాదేమో."

"మందులన్నీ అయిపోయినాయి కదా వదినా. వంట ఎదురుగా ఉండి నాకేమీ తెలీకపోతే ఏడుపొస్తా ఉండాది. ఆడైతే వంటే ఉండదు."

ఆదివారం పొద్దున అతనికి ఇష్టమైనవన్నీ గ్రిల్లు మీద పేర్చింది: గెనుసుగడ్డలు, నువ్వులపొడి కూరిన వంకాయలు, బెల్లం అనాస. కొంగు ముక్కుకు బిగించి, చెక్కముక్కలు వేసి, మూత పెట్టింది.

పొగ వచ్చింది. పిట్టగోడ వైపు చూడను కూడా చూడలేదు. మెట్ల వైపు తిరిగి ఒక్కో మెట్టే దిగసాగింది.

"ఆగు, ఇంకా గంట కొట్టలేదు" అంటూ కోమలవల్లి దాని వెంట పడింది.

కింద వరండాలో శేషసాయి పరుపుచుట్టకు తాడు కడుతున్నాడు. పొగ తిన్నగా పోయి అతని ముక్కులో దూరింది. అతను గట్టిగా తుమ్మాడు. కోమలవల్లి మెట్ల మీదే నిలబడిపోయింది. ఆ ఇంట్లో స్వామికంటే ముందు వంటను ఒక మనిషి వాసన చూడటం అదే మొదటిసారి. అపచారం జరిగిపోయిందని ఆమె లెంపలేసుకుంది.

శేషసాయి తాడు వదిలేశాడు. తల ఎత్తకుండానే, "వదినా, గెనుసుగడ్డ అడుగున మాడతా ఉండాది" అన్నాడు.

"ఏమంటివి?"

"మాడతా ఉండాది వదినా. అనాస బాగుండాది, బెల్లం పాకానికొచ్చింది."

ఆమె రెండేసి మెట్లు ఎక్కి పైకి పరుగెత్తింది. మూత తీసి గెనుసుగడ్డను తిరగేసింది. అడుగు నల్లగా ఉంది. ఆ మాడును అంత సంతోషంగా చూసిన ఇల్లాలు మరొకరుండరు. కళ్లు తుడుచుకోవడానికి కొంగు విప్పింది, మళ్లీ కట్టుకోవడం మరిచిపోయింది.

వెనకే శేషసాయి వచ్చి పట్టకారు లాక్కున్నాడు. వంకాయను ముక్కు దగ్గర పెట్టుకుని, "నువ్వులు ఇంకొంచెం వేగాల్సింది" అన్నాడు. చెక్కముక్కను వాసన చూశాడు, వదిన కొంగుకు అంటిన ఇంగువను వాసన చూశాడు, నవ్వుతూనే ఏడ్చాడు.

ముకుందం చేతిలో గంటతో మెట్ల మీద ప్రత్యక్షమయ్యాడు. "పొగ గంటకు ముందే కిందికి దిగిందంటనే. శకుంతలమ్మ చెప్పింది. ఇప్పుడిది నైవేద్యానికి పనికొస్తాదా?"

"పనికిరాకపోతే మళ్లీ వండిద్దాం" అంది కోమలవల్లి. "వండేవాడు ఈడనే ఉండాడు కదండీ."