తుండుగుడ్డ కింద కుడిచేయి

పశువుల బేరంలో మాట ఉండదు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడి కుడిచేతులు కలుపుతారు. పైన తుండుగుడ్డ కప్పుతారు. ఆ గుడ్డ కింద వేళ్ళే మాట్లాడుకుంటాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, అయిదూ కలిపి పట్టుకుంటే అయిదు. పక్కవాడికి ధర తెలియదు. ఇరవై రెండేళ్ళు నేను ఈ పనే చేశాను. ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడో, ఇంట్లో పెళ్ళి పెట్టుకుని తొందరలో ఉన్నాడో అతని అరచేతి చెమటే నాకు చెప్పేది. నోటిమాటను నేను ఎన్నడూ నమ్మలేదు.

అలాంటివాణ్ణి ఒక నోటిమాట నమ్మి మునిగాను.

కుంపిణీ దొరల కాలంలో పళని దారిలోని మా ఊరికి మాసిలామణి అనే క్రైస్తవ ఉపదేశి వచ్చాడు. సంత అంచున ఒక ఖాళీ బండి నొగ మీద కూర్చుని ప్రసంగం చేసేవాడు. దేవుడు మనిషి కుడిచేయి పట్టుకుంటాడని ఒకరోజు చెప్పాడు. తల మీద చేయి పెట్టడం కాదు, ఎడమచేయి కాదు, కుడిచేయే. నా వృత్తి నాకు తెలుసు కదా. కుడిచేయి పట్టుకునేవాడు బేరానికి వచ్చినవాడు. అంత పెద్దవాడు నా చేయి పట్టుకుంటానని వస్తే వద్దనడానికి నేనెవణ్ణి? ఆ ఏడే జ్ఞానస్నానం పుచ్చుకున్నాను. గోవిందన్ పోయి జ్ఞానముత్తు అయ్యాను.

మూడేళ్ళు గడిచాయి. చేయి రాలేదు.

నా వైపు నుంచి ఏం ఇచ్చానో చెబుతాను. పిలక ఇచ్చాను. అన్నదమ్ముల పంక్తిలో నా చోటు ఇచ్చాను. అన్నిటికంటే బరువైనది, సంతలో తుండుగుడ్డ ఇచ్చాను. ఊరి బయటి చేరివాళ్ళతో, అంటరానివాళ్ళతో, ఒకే కప్పు కింద కూర్చుని ప్రార్థన చేస్తానని తెలిసినప్పటి నుంచి మావాళ్ళెవరూ గుడ్డ కింద నాకు చేయి ఇవ్వరు. రెండు బారల దూరంలో నిలబడి ధర కేక వేస్తారు. సంతంతా వింటుంది. నా వెనక నిలబడ్డవాడు ఇంకాస్త కలిపి ఎద్దును తోలుకుపోతాడు. మూడేళ్ళలో నా కుడిచేతిని నా భార్య రంగనాయకి తప్ప ఎవరూ ముట్టలేదు. అదీ కొమ్ము గీరుకున్నప్పుడు పసుపు రాయడానికే.

మాసిలామణిని నిలదీశాను. "అయ్యా, ఆయన ఎప్పుడు వస్తాడు?"

"పక్కనే ఉన్నాడు. మీరే దగ్గరికి రావాలి."

"ఇంకెంత దగ్గరికి? ఇక మిగిలింది నా నడుముకున్న పంచె."

"ఓపిక పట్టండి నాయుడయ్యా."

సరుకు చేతిలో లేనివాళ్ళు నాతో ఎప్పుడూ ఈ మాటే అనేవాళ్ళు. మండిపోయింది.

ఇంతలో మా అన్న అప్పసామి వచ్చాడు. గడప తొక్కలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఏంరా గోవిందా, మీ సామి నీతో పలుకుతా ఉండాడా?"

"ఇంకా లేదన్నా."

"మూడేండ్లుగా పలకనోడి వాకిట్లో ఏంటికిరా కాచుకోని ఉండేది? గురువారం సంతకు బండి కట్టుకోని వస్తా. పళని గుడికి పోదాం. తల నున్నగా మొట్ట కొట్టించుకో, మనోళ్ళకి ఒక పూట అన్నం పెట్టు. నిన్ను మళ్ళీ పంక్తిలో కూసోబెట్టేది నా పూచీ. ఈ తూరి రాకపోతివా, నాకు తమ్ముడు లేడు. అమ్మ మీద ఆన."

తలుపు వెనక నుంచి రంగనాయకి అంది, "వస్తాడు బావా. నేను తోలుకోని వస్తా."

రంగనాయకి స్నానం పుచ్చుకోలేదు. మూడేళ్ళుగా తన అన్నం వేరే కుండలో వండుకుంటుంది. కాని నన్ను విడిచి పుట్టింటికి పోలేదు. ఆ సంగతి కూడా నా తూకంలో ఉంది.

సోమవారం తెల్లవారగానే పశువుల కొట్టంలోకి వెళ్ళాను. కుడిచేయి చాచి పైన తుండుగుడ్డ కప్పాను. "ప్రభువా, గురువారం దాకా చూస్తాను. ధర చెప్పమనను. ఒక్క వేలు పట్టుకో, చాలు" అన్నాను. భుజం పీకింది. చీమలు కాలెక్కాయి. ఎవరూ పట్టుకోలేదు.

రంగనాయకి పేడ తట్టతో వచ్చి చూసింది. "ఎవురితో మామా బేరం? ఎద్దుతోనా?"

"దేవుడితో."

"ఎంతకు అడగతా ఉండాడు?"

"నోరు ముయ్యి."

"ముయ్యక ఏంచేస్తా. ఆయనా మూసుకోనే ఉండాడు కదా."

మంగళవారం కూడా అంతే. బుధవారం గుడ్డ కింద వెచ్చగా, తడిగా ఏదో తగిలింది.  గుడ్డ తీసి చూస్తే దూడ నాకుతోంది. దాన్ని కొట్టబోయి, ఆయన మీది కోపం దూడ మీద ఎందుకని ఊరుకున్నాను.

గురువారం సంత అంచున అన్న బండి నిలిచి ఉంది. రంగనాయకి తన మూటను అందులో పెట్టేసింది. ఆమె బండి పక్కన నిలబడి నన్నే చూస్తోంది. "పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆగుతాను. ఆ తర్వాత నన్ను తప్పు పట్టొద్దు" అని దేవుడికి చెప్పేశాను.

అప్పుడు వీరాయి వచ్చింది.

చేరి ముసలామె. మా ప్రార్థన ఇంట్లో గుమ్మం దగ్గర వట్టి నేల మీద కూర్చుంటుంది. పై కులాల నుంచి వచ్చిన మేము ముందు, చాపల మీద. ప్రభువు బల్ల నాడు ద్రాక్షరసం గిన్నె మొదట మాకు అందాలి, మేము తాగాకే గుమ్మం దగ్గరికి పోవాలి. స్నానానికి ముందే, మాసిలామణి పైనున్న మిషను దొర దగ్గర ఆ మాట తీసుకున్నది నేనే. మంచి బేరం చేశానని అప్పట్లో అనుకున్నాను.

ఆమె పలుపు పట్టుకుని ఒక ముసలి ఎద్దును లాక్కొచ్చింది. "దీన్ని మీరు కొనండి సామీ."

"దీనికి పళ్ళు లేవు వీరాయీ. దిండిగల్ తోళ్ళ వ్యాపారి అటు ఉండాడు, పో."

"ఆయన కొంటాడనే మీ కాడికి వొస్తి. మా ఇంటాయన పెంచినెద్దు. తోలు కాకూడదు."

"ఎంత కావాల?"

ఆమె అటూ ఇటూ చూసింది. వ్యాపారి మనుషులు చెవులు ఇటే పెట్టారు.

"కేకేసి చెప్తే నవ్వుతారు సామీ. గుడ్డ ఎయ్యండి."

చేయి చాచింది.

నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళు అడిగితే వచ్చిన చేయి ఇదా? "ఇదేనా?" అని పైకి చూశాను. అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు. "దూరంగా ఉండు" అనే మాట నాలుక చివరికి వచ్చింది. మూడేళ్ళుగా మావాళ్ళు నాతో అంటున్న మాట అదే. అది నా నోట్లోకి ఇంత సులువుగా ఎలా వచ్చిందా అనుకున్నాను.

అప్పుడు లెక్క తప్పు ఎక్కడుందో కనిపించింది. బొటనవేలు మడిచి దాచుకుని గుడ్డ కిందకి చేయి పెట్టేవాళ్ళు కొందరుంటారు. అలాంటివాళ్ళతో నేనూ బేరం ముగించను, వేలు విప్పేదాకా ఊరికే నిలబడతాను. అన్నీ ఇచ్చానన్నాను. ఆ గిన్నెలో మొదటి వంతు మాత్రం ఇవ్వలేదు.

అన్న బండి మీద నుంచి చూస్తున్నాడని తెలుసు. గుడ్డ వేశాను.

ఆమె చేయి గరుకుగా, కాయలు కాసి ఉంది. ఏ వేలూ పట్టుకోలేదు. మొత్తం చేయి నా చేతిలో పెట్టేసింది.

"ఎంతమ్మా?"

"తెల్దు సామీ. మీ వేళ్ళ బాస నాకు యాడ తెలుసు? మీరే చూసి చెప్పండి."

వేల చేతులు పట్టుకున్నాను. ప్రతి చేతి వెనకా ఒక ధర ఉండేది. ఈ చేతి వెనక ఏమీ లేదు. నేను కేక వేయననే నమ్మకం తప్ప. 

బండి గజ్జెలు మోగాయి. అన్న రంగనాయకి మూటను నేల మీదికి దించి, ఎద్దులను అదిలించాడు. పళని వైపు దుమ్ము లేచింది. పిలవాలనుకున్నాను. పిలవలేదు.

"చేయి విడు వీరాయీ. ఎద్దును కొన్నాను, ధర మంచిదే ఇస్తాను."

"మీరే విడవాల సామీ. పట్టుకోనుండేది మీరు."

చూస్తే నిజమే.

రంగనాయకి మూట మోసుకుని నా ముందుకు వచ్చింది. "మీ అన్న పోయె. పళని పోయె. పండ్లు లేని ఎద్దు వొచ్చె. ఇదేనా మీ దేవుడి బేరం?"

"ఇదే."

"ఆయన్ని తిట్టలేదా?"

"తిట్టాను."

"ఏమనె?"

"ఏమీ అనలేదు."

ఆమె మూట ఎద్దు వీపు మీద వేసింది. "ఇదన్నా మోస్తుందేమో చూస్తాం" అని పలుపు అందుకుంది.

ఆదివారం చాప తీసుకుపోలేదు. గుమ్మం దగ్గర, వీరాయికి అవతల కూర్చున్నాను. మాసిలామణి గిన్నె పట్టుకుని మొదట ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాడు. "ఆ చివర నుంచి మొదలుపెట్టి ఇటు రండి, వీరాయి తాగాకే నాకు" అన్నాను. నా దగ్గరికి వచ్చేసరికి అడుగున ఒక గుక్కే మిగిలింది.

ఆ ఎద్దు ఇంకా బతికే ఉంది. మూట మోసిన ఆ రోజు తప్ప ఏ పనీ చేయలేదు. రెండు పశువుల మేత ఒక్కటే తింటుంది. దాన్ని నాకెందుకు అంటగట్టావని దేవుణ్ణి రోజూ అడుగుతాను. జవాబు లేదు. కొట్టంలో గుడ్డ కప్పుకుని నిలబడడం మాత్రం మానేశాను.