ఊక అంటిన గోడలు

గోదారి వరద తగ్గి ఎన్నాళ్లయినా వీరదుర్గ ఇంటి గోడలు చెమ్మ కక్కుతూనే ఉన్నాయి. ఇల్లు ఆరితేనే పెళ్లి అని సముద్రం ఒడ్డున ఉప్పాడలో ఉండే పెళ్లికొడుకు ఇంటి నుంచి కబురొచ్చింది. ఉదయ్‌కుమార్ ఇల్లరికం రావాల్సింది ఆ ఇంటికే మరి! అతని తల్లి తలుపులమ్మ చేపల బేరంలో ఘటికురాలు. చెయ్యి వేసి చూస్తే గానీ దేన్నీ నమ్మదు. ఆవిడ ఇవాళే వస్తోంది. వీరదుర్గకేమో ఉదయ్ తప్ప లోకంలో మగాడే లేడు.

మరకలు కనపడకూడదని తెల్లారగానే సున్నం కొట్టేసింది. తడి గోడకి తడి సున్నం, అదెప్పటికి ఆరాలి? అప్పుడు గుర్తొచ్చింది, ఊళ్లో ఆసామి జగపతిరాజు గారి షెడ్డులో ధాన్యం తూర్పారబట్టే పెద్ద ట్రాక్టరు ఫ్యాను ఖాళీగా ఉందని.

"నాన్నా, దాన్ని గుమ్మంలో పెడితే గంటలో ఆరిపోద్ది!"

"ఇల్లు ఆరుద్దో ఎగిరిపోద్దో చూసుకోవే," అన్నాడు గంగయ్య. అంటూనే వెళ్లి ట్రాక్టరుతో సహా తెచ్చాడు. కూతురి మాట ఏనాడు కాదన్నాడు గనక!

ఫ్యాను తిరిగింది. క్యాలెండరు లేచింది, దండెం మీది గంగయ్య లుంగీ లేచింది, రెండూ పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోయాయి. వీరదుర్గ చప్పట్లు కొట్టి గెంతింది. పాపం, ఒకటి మరిచింది. కాళ్లు బురదలో దిగబడకుండా వాకిలంతా ఊక చల్లింది తనే. ఫ్యాను ఆ ఊకనంతా వెనక నుంచి లాక్కుని లోపలికి ఊదేసింది.

ఆపి చూస్తే గోడలు, పిల్లి, గంగయ్య మీసం, అన్నీ ఊకే. ట్రాక్టరు అడ్డముందని పెరటి దారిన వచ్చిన తలుపులమ్మ, నెత్తిన లుంగీతో గుమ్మంలో నిలబడి ఉంది!

ఆవిడ గోడ మీద చెయ్యి వేసింది. "ఆరలేదే!"

వీరదుర్గకి ఏడుపొచ్చేసింది. "లేదండి అత్తయ్యగారూ. దాచి ఏం లాభం? మళ్లీ వానాకాలానికి గోదారి ఇంట్లోకి వస్తదండి."

"వచ్చాక పోద్దా?"

"పోద్దండి."

తలుపులమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మా సముద్రం పోదమ్మా. మొన్న అమావాస్యకి వంటిల్లు తీసుకుపోయింది. నేను చూడ్డానికొచ్చింది మావాడొక్కడి కోసమే కాదు." సంతలో ఆమడ దూరం వినపడే ఆ గొంతు బాగా తగ్గింది. "నాకూ ఇక్కడో మూల ఇస్తావా?"

వీరదుర్గ ఆవిడ నడుం పట్టుకుని ఊక రాలేలా గిరగిరా తిప్పేసింది.

"మూలేంటండి, ఈ గది మీదే! ఆరేదాకా గోడకి మాత్రం ఆనుకోకండి."