దొర ఆఖరి స్నానం

డాక్టరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. కుక్కలకు కూడా తెలుసు. బల్ల ఎక్కించగానే అవి తోక ముడుచుకుని, ఆవిడ వైపు కాకుండా ఆవిడ ఆడపడుచు చిట్టి వైపు చూసేవి. చిట్టి మొగుణ్ణి వదిలేసి అన్నగారింటికి వచ్చేసిన మనిషి. వచ్చిన కొత్తలో ఏం చేయాలో తోచక, వదినగారి కుక్కల ఆసుపత్రి వెనకగదిలో కూర్చుని గోడలు చూస్తూ ఉండేది. ఓ రోజు బురదలో పొర్లి వచ్చిన కుక్కనొకదాన్ని ఎవరూ చెప్పకుండానే కడిగి, తుడిచి, దువ్వి కూర్చోబెట్టింది. దాని యజమాని మర్నాడు ఇంకొకరిని వెంటబెట్టుకొచ్చాడు. అలా వెనకగది స్నానాల గదైంది. మొగుడింట్లో తినే కంచం కూడా తనది కాదనిపించిన మనిషికి ఆ గది, ఆ నీళ్ళగొట్టం, ఆ దువ్వెనలు ప్రాణంతో సమానమైపోయాయి.

వదినా ఆడపడుచులకు క్షణం పడేది కాదు, అలాగని క్షణం విడిచి ఉండేవాళ్ళూ కాదు. మీ అన్నయ్య వీపు కూడా ఎవరైనా ఇంత శ్రద్ధగా రుద్దితే బాగుండునని వదిన అంటే, నీకు చేతకాదని ఒప్పుకో, ఆయన్నీ బల్ల ఎక్కిస్తానని చిట్టి అనేది. చిట్టి పొదుపు మీద కూడా హాస్యాలు నడిచేవి. దాని చేతిలో పెడితే ఒక్క సీసా షాంపూ ఊరందరికీ వస్తుందని డాక్టరమ్మ వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేది. అవును, గొప్పగానే చెప్పుకునేది.

వీధి చివర దర్జీ దుకాణం. ఆ దర్జీకి దొర అని ఓ ముసలి కుక్క. ఒళ్ళంతా జూలు. వీధి మొత్తం తన పేరనే ఉన్నట్టు నడిచేది కాబట్టి ఆ పేరు. దర్జీ భార్య దాన్ని పిల్లగా ఉన్నప్పుడు గుడ్డసంచీలో పెట్టుకొచ్చింది. ఆవిడ పోయాక ఆయనకు అది, దానికి ఆయన. దొర వచ్చి కుట్టుమిషను పెడలు మీద గడ్డం ఆనించి పడుకుందంటే, లేపడం ఇష్టంలేక పని ఆపేసి చేతులు కట్టుకుని కూర్చునేవాడు. బట్టల కోసం వచ్చినవాళ్ళు సణుక్కుంటూ వెళ్ళిపోయినా ఆయనకేం పట్టేది కాదు.

ఆ దొర ఓ ఉదయం లేవలేదు. వీపు మీద చెయ్యి వేస్తే కుయ్యోమంది. ముందురోజే చిట్టి దగ్గర స్నానం చేయించుకుని వెళ్ళింది, జూలు పట్టులా నిగనిగలాడుతోంది. దర్జీ దాన్ని చేతుల మీద మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టాడు. చిట్టి తడిచేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి, నిన్న తను పట్టుకునేలోపే స్నానాల బల్ల మీంచి దబ్బున దూకేసిందని చెప్పింది. పాపం, ఉన్నమాటే చెప్పింది. ఆ మాట డాక్టరమ్మ బుర్రలో కూర్చుండిపోయింది.

ముందుగదిలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఎవరిదో కుక్కపిల్ల వాంతులు చేసుకుంటోంది. డాక్టరమ్మ జూలు మీంచే వెన్నెముక వెంట వేళ్ళు నొక్కుకుంటూ వచ్చింది. నడివీపు దగ్గర దొర అరిచింది. కాస్త జ్వరం ఉంది, నొప్పికీ భయానికీ అయ్యుంటుందనుకుంది. వెన్ను పట్టేసిందని తేల్చేసింది. జూలు పాయ తీసి అడుగున చర్మం చూడలేదు. కళ్ళకు అంత శుభ్రంగా కనిపిస్తున్న ఒళ్ళు, పైగా తన ఇంటి మనిషి పోసిన స్నానం, ఇంకేం చూడాలి? అదే వేరేచోట కడిగించుకొచ్చిన కుక్కయితే దువ్వెన పెట్టి పాయపాయా విడదీసేది, కడిగినవాణ్ణి నాలుగు తిట్టేది కూడా. వెన్ను వాపు తగ్గడానికని గట్టి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసింది. చిట్టి దొర తల రెండు చేతులా పట్టుకుని, అయిపోయింది నాన్నా, అయిపోయిందని చెవిలో చెబుతూనే ఉంది.

మర్నాడు దర్జీ దొరను గుడ్డలో చుట్టి తెచ్చాడు. ఎవరి కోటుకో కత్తిరించబోతున్న మంచి బట్ట అది. దాని నిండా రసి, నెత్తురు. డాక్టరమ్మ గొరిగే మిషను తీసుకుని జూలు తీసేసింది. మెడ నుంచి నడుం దాకా ఊదారంగు గడ్డలు. కొన్ని పగిలి కారుతున్నాయి, కొన్ని పగలడానికి సిద్ధంగా ఉన్నాయి. చెయ్యి పెట్టకుండానే వేడి తెలుస్తోంది.

పగిలిన గడ్డ మీద గాజుపలక అద్ది, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. కుక్కల చర్మం చీము పట్టినప్పుడు మామూలుగా కనిపించేవి గుండ్రటి క్రిములు, గుత్తులు గుత్తులుగా ఉంటాయి. అవి కుక్క ఒంటి మీద ఎప్పుడూ ఉండేవే. ఇక్కడున్నవి గుండ్రంగా లేవు. సన్నటి కడ్డీలు. నిలవనీళ్ళలో, తడి ఆరని చోట పెరిగే రకం. స్నానంలో జూలుకు ఎదురు రుద్దినప్పుడు వెంట్రుకల కుదుళ్ళలోకి దిగిపోతాయి, ఒకటి రెండు రోజుల్లో వీపంతా లోపలి నుంచి కుళ్ళబెడతాయి. పైకి మాత్రం వీపు నొప్పిలాగే ఉంటుంది. ఇదంతా ఆవిడ చదువుకున్నదే, కళ్ళారా చూడడం మాత్రం అదే మొదలు. స్టెరాయిడ్ వాపుతో పాటు క్రిములతో పోరాడే బలాన్ని కూడా పడుకోబెడుతుందన్న సంగతి చదువుకోనక్కర్లేదు, ఆసుపత్రి ఊడ్చే మనిషికి కూడా తెలుసు.

లేచి వెనకగదిలోకి వెళ్ళింది. మూలన పెద్ద డబ్బా. చిక్కటి షాంపూలో నీళ్ళు కలిపి చిట్టి అందులో పోసుకునేది. సగానికి దిగగానే ఇంకాస్త షాంపూ, ఇంకాసిని నీళ్ళు. అడుగున మిగిలింది పారబోయడానికి మనసొప్పక ఆ డబ్బాను ఒక్కసారైనా పూర్తిగా వంచి కడిగిన పాపాన పోలేదు. ఇంట్లో షాంపూ సీసా అడుగంటితే నీళ్ళు పోసి ఆడించి వాడుకోని వాళ్ళెవరు? అదే అలవాటు, డబ్బా పెద్దదైందంతే. డాక్టరమ్మ మూత తీసి లోపలి గోడకు వేలు రాసింది. వేలికి జిగట అంటుకుంది.

వెనకే వచ్చిన చిట్టికి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"నా వల్లేనా వదినా?"

ల్యాబు వాళ్ళను చెప్పనీ అంది డాక్టరమ్మ. చీము కొంత, డబ్బాలో నీళ్ళు కొంత పరీక్షకు పంపింది, ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చమని. ఆ ఫలితం వచ్చేదాకా ఆగకుండా నీటి క్రిముల మీద పనిచేసే మందు మొదలుపెట్టింది, సెలైన్ ఎక్కించింది, గడ్డలు కడిగింది. చిట్టి ఆ వారంలో స్నానం పోసిన కుక్కల వాళ్ళందరికీ ఫోన్లు చేసింది. కొందరు తిట్టారు, పడింది. రెండు కుక్కల వీపు మీద అప్పుడే పొక్కులు లేస్తున్నాయి. వాటికీ అదే మందు ఇచ్చారు. నాలుగు రోజులకు పొక్కులు మాడిపోయాయి, అవి మళ్ళీ తిండి కోసం గొడవ పెట్టడం మొదలుపెట్టాయి.

దొర కూడా మందు మొదలుపెట్టిన రెండోరోజు పొద్దున తల ఎత్తింది. దర్జీ దోసిట్లో నీళ్ళు పడితే నాకింది. చిట్టి అప్పటిదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, అది చూసి గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ సంబరం ఆ పూటకే. తర్వాత దొర చిగుళ్ళు పాలిపోయాయి, కాళ్ళు చల్లబడ్డాయి. విషం నెత్తురులోకి దిగిపోయింది. మధ్యాహ్నం వేళ దర్జీ చెప్పు మీద గడ్డం ఆనించి దొర ప్రాణం వదిలింది. అది పోయిందని ఆయనకు తెలుసు. అయినా చాలాసేపు ఆ కాలు కదపలేదు.

ల్యాబు ఫలితం తర్వాత వచ్చింది. చీములోదీ డబ్బాలోదీ ఒకే క్రిమి. డాక్టరమ్మ ఎంచుకున్న మందు దాని మీద బ్రహ్మాండంగా పనిచేస్తుందట. మరి మిగతా రెండూ బతికి, దొర ఎందుకు పోయింది? ముసలిది కదా అనుకుంది ఆవిడ. అన్నం కలుపుకుంటూ అనుకుంది, పళ్ళు తోముకుంటూ అనుకుంది. అనుకున్న ప్రతిసారీ తన చేతిలో సిరంజి కనిపించేది. ఆ రెండింటికీ స్టెరాయిడ్ పడలేదు.

చిట్టి డబ్బాను ముక్కలు చేసి చెత్తలో పారేసింది. గొట్టం చుట్టిపెట్టి, దువ్వెనలు కడిగి ఆరబెట్టి, గదికి తాళం వేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దర్జీ దుకాణానికి వెళ్ళి, డబ్బా సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పేసి వచ్చింది. వచ్చాక ముఖం చూస్తే ఏం జరిగిందని అడగడానికి డాక్టరమ్మకు ధైర్యం చాలలేదు.

రెండు రోజులకు దర్జీ ఆసుపత్రికి వచ్చాడు. మొదటిరోజు ఇంటికిచ్చిన మాత్రల్లో మిగిలినవి కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు, ఇంకో ప్రాణానికి పనికొస్తాయని. చిట్టి వాకిట్లో నేల తుడుస్తోంది. పనిమనిషి చేయాల్సిన పని ఇప్పుడు అడిగి మరీ తను చేస్తోంది. ఆయన ఆమె పక్కనుంచే వచ్చాడు గానీ ఆమె వైపు చూడలేదు.

"ఆ అమ్మాయి వచ్చి అంతా చెప్పింది డాక్టరమ్మా. చెప్పినందుకు మంచిదే. కానీ నేను క్షమించలేను, నా వల్ల కాదు. మా ఆవిడ చేతుల్లో పెరిగిన ప్రాణమది. మీరు మాత్రం చేయగలిగిందంతా చేశారు. ఆ మొదటిరోజు అంతమంది ఉన్నా మావాణ్ణే ముందు చూసి ఇంజెక్షన్ వేశారు. మీ మేలు మర్చిపోను."

ఆయన రెండు చేతులూ జోడించాడు. డాక్టరమ్మ నోరు తెరిచింది. ఊళ్ళో అందరినీ ఎడాపెడా వాయించే నోరు అది, ఆ ఒక్క మాట దగ్గర పెగల్లేదు. ఒంట్లో బాగుంటోందా, వేళకు తింటున్నారా బాబాయ్ అని అడిగింది. సిగ్గులేని మాట. ఆయన తల ఊపి మెట్లు దిగాడు.

చిట్టి గుడ్డ పిండుతూనే ఉంది. డాక్టరమ్మ పొట్లం చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"చిట్టీ, ఆ ఇంజెక్షన్..."

"తెలుసు వదినా. అప్పుడు దొర తల పట్టుకుంది నేనే కదా."

"మరి ఆయనకు చెప్పలేదేం?"

చిట్టి తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే డాక్టరమ్మ తట్టుకునేది, కోపానికి కోపం అలవాటే ఆవిడకు.

"నాది నేను చెప్పుకున్నా. నీది నువ్వు చెప్తావనుకున్నా."

దర్జీ ఇంకా ఎంతో దూరం పోలేదు. మలుపులో వరసగా బండ్లు వస్తుంటే రోడ్డు దాటడానికి ఆగి నిలబడ్డాడు. అలవాటు పోలేదు కాబోలు, పక్కనో కుక్క ఉన్నట్టు ఎడమచెయ్యి కాస్త దూరంగా పెట్టుకుని ఉన్నాడు. కేకేస్తే వినపడేంత దూరమే. డాక్టరమ్మ చూస్తూ నిలబడింది. బండ్లు అయిపోయాయి, ఆయన రోడ్డు దాటాడు. ఆవిడ పిలవలేదు. వెనక చిట్టి బకెట్టు జరుపుకుని, ఆయన నిలబడి వెళ్ళిన చోటు తుడవడం మొదలుపెట్టింది.