మూతకి ముల్లు లేని పొయ్యి

లేలండ్ కుచేరా పొయ్యికి అడుగు ఊడిపోయింది. రైలు పెట్టెల కార్ఖానాలో వెల్డింగ్ చేసే రోజుల్లో ఒక నూనె పీపాని నిలువునా కోసి, కాళ్లు అతికి, తన చేతులతో చేసుకున్న పొయ్యి అది. సెప్టెంబరులో ఒక ఆదివారం బొగ్గులు రాజేసి మూత వేశాడో లేదో, నిప్పంతా జారి పెరటి గడ్డి మీద పడింది. కూతురు మార్సీ గొట్టంతో నీళ్లు కొట్టి ఆర్పింది. పొగలో దగ్గుకుంటూనే, ఇక దీన్ని సాగనంపు నాన్నా, కొత్తది నేను కొనిపెడతాను అంది. లేలండ్ పీపా చుట్టూ తిరిగి, గాలి కంతల మీద వేళ్లు పెట్టి చూసుకుని, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఇనప ముక్క కోసం ఇంత బెంగేమిటని మార్సీ అనుకుంది.

మా లింకన్ ఊళ్లో శనివారం ఫుట్‌బాల్ ఆట ఉందంటే పొద్దున్నే స్టేడియం పక్క మైదానంలో బండ్లు బారులు తీరతాయి. వెనక తలుపులు దించి, పొయ్యిలు దించి, ఆట మొదలయ్యేలోగా ఊరు ఊరంతా వండుకు తినేస్తుంది. ఆ వరసల్లో లేలండ్ పొయ్యి దగ్గర వేడుకే వేరు. బొగ్గులకి బూడిద పట్టాక అతను కుడి అరచెయ్యి బొగ్గుల పైనుండే ఇనప జాలీ మీదుగా చాపి నిలబడేవాడు. సెగకి ఎంతసేపు ఓర్చుకుంటే అదే వేడికి కొలత. చుట్టూ ఉన్న ఎర్రచొక్కాలన్నీ జట్టు పాట ఎత్తుకునేవి. పాట మొదట్లోనే చెయ్యి లాక్కుంటే ఆ నిప్పు మొక్కజొన్న పొత్తులకి, రెండో చరణం అందుకున్నాక లాక్కుంటే పంది పక్కటెముకలకి. లాక్కున్న చెయ్యి అందరికీ కనపడేలా పైకెత్తి చూపించాలి. అప్పుడు ఈలలు పడేవి. ఆ ఈలలకే సగంమంది వచ్చేవాళ్లు.

లేలండ్ బావమరిది వెర్లిన్‌ది పక్క బండే. అతను ముల్లు థర్మామీటరు మాంసంలో గుచ్చి, కళ్లజోడు సర్దుకుని అంకెలు చదివే రకం. "ఏరా వెర్లినూ, పందికి జ్వరమెంతుంది? మాత్ర వేశావా?" అని లేలండ్ ఏళ్ల తరబడి అతన్ని ఏడిపిస్తూనే ఉన్నాడు. వెర్లిన్ నవ్వి ఊరుకునేవాడు. ఏమాటకామాటే చెప్పాలి, వెర్లిన్ మాంసం ఎప్పుడూ మాడలేదు. కానీ వెర్లిన్‌కి ఈలలు వేసినవాడూ లేడు.

మార్సీ తండ్రిని ఇనప సామాన్ల షాపుకి తీసుకెళ్లింది. గుడ్డు ఆకారంలో ఉన్న మట్టి పొయ్యి వేడి బాగా పట్టి ఉంచుతుందిగానీ, బండెక్కించాలంటే నలుగురు మనుషులు కావాలి. గుండ్రటి చిన్న కెటిల్ పొయ్యి తేలికే, కానీ వరసంతటికీ దాని మీద వండటం అయ్యేపని కాదు. చివరికి ఆమె కన్ను ఒక నల్ల పీపా పొయ్యి మీద పడింది. అచ్చం పాతదే, రేకు మాత్రం కాస్త పల్చన. ఇదే అని తిరిగి చూస్తే తండ్రి పక్కన లేడు. షాపు మూల ఇంకో పొయ్యి ముందు వంగి నిలబడి ఉన్నాడు. దాని మూత మీద వేడి ఎంతుందో చూపే పెద్ద ముల్లుంది. పక్కన వెలిగే అంకెలున్నాయి. నిప్పు మందగిస్తే తనంతట తనే ఊదే చిన్న ఫ్యానుంది.

"ఇదీ బొగ్గుల పొయ్యే కదా" అన్నాడు లేలండ్, తప్పు చేస్తూ దొరికిన పిల్లాడిలా.

మార్సీకి నవ్వాగలేదు. అవతల రంగు డబ్బాలు ఎంచుకుంటున్న ఆఫీసు స్నేహితురాలు డారీన్‌ని కేకేసి మరీ పిలిచింది. "చూశావా, లేలండ్ కుచేరాకి ఫ్యాను పొయ్యి కావాలట. ఇంకేం, రేపు వెర్లిన్ మామయ్య దగ్గర థర్మామీటరు కూడా అరువు తెచ్చుకుంటాడు." డారీన్ నవ్వింది. షాపు కుర్రాడూ నవ్వాడు. అందరి తర్వాత లేలండ్ కూడా నవ్వాడు. తండ్రి మీద ప్రేమ ఉంది కాబట్టి ఏమన్నా చెల్లుతుందని మార్సీ నమ్మకం. మనలో చాలామందికి ఉన్న నమ్మకమే అది.

నవ్వులు ఆగాక, పోనీ ఆ పీపాదానికి మూత మీద ముల్లు బిగిస్తారా అని లేలండ్ షాపు కుర్రాణ్ణి అడిగాడు. చిన్న కన్నం వేస్తే సరిపోతుందని ఆ అబ్బాయి అంటూనే ఉన్నాడు, మార్సీ తండ్రి మణికట్టు పట్టుకుని షాపులో అందరికీ కనపడేలా పైకెత్తేసింది.

"ఏం అక్కర్లేదు. మా నాన్న చెయ్యే మాకు ముల్లు."

లేలండ్ ఆ చెయ్యి ఆమెకి వదిలేశాడు. పీపా పొయ్యికి బిల్లు వేస్తూ కాఫీ ఇచ్చారు. పలచటి కాగితం కప్పు, పొగలు కక్కుతోంది. మార్సీ రుమాలు చుట్టి పట్టుకుంది. లేలండ్ ఉత్త చేత్తో పట్టుకుని నింపాదిగా నిలబడ్డాడు. కార్ఖానా చేతులంటే ఇవీ అని ఆమె డారీన్‌కి గొప్పగా చూపించింది. వచ్చే ఆటకి ఆఫీసువాళ్లందర్నీ పిలిచింది.

ఆ శనివారం అక్టోబరు చలి. ఉత్తరపు గాలి మైదానం మీద కొడుతోంది. కొత్త పొయ్యి ఆ గాలిని లాక్కుని లోపల భగభగమంటోంది. లేలండ్ ఒక కంత మూశాడు, మళ్లీ తెరిచాడు. వంగి చెవి పెట్టి విన్నాడు. మూత ఎత్తి చూశాడు, దించాడు. ఆఫీసువాళ్లు ఫోన్లు పట్టుకుని కాచుకుని ఉన్నారు. "కానీ నాన్నా, అందరూ నీకోసమే" అని మార్సీ తొందరపెట్టింది. అతను ఒక్కసారి ఆమె వంక చూశాడు. ఏదో చెప్పబోతున్నాడని ఆమెకి అనిపించింది కూడా. అంతలోకే ఎవరో పాట ఎత్తుకున్నారు.

అతను చెయ్యి చాపాడు. మొదటి చరణం అయింది. జాలీకి ఇవతల నిలబడ్డ వెర్లిన్ సెగకి తట్టుకోలేక మొహం పక్కకి తిప్పి రెండడుగులు వెనక్కి వేశాడు. రెండో చరణం అందుకున్నాక, ఎప్పుడూ లాక్కునే చోటే, లేలండ్ చెయ్యి లాక్కున్నాడు. "పక్కటెముకలు పడెయ్యండర్రా" అంటూ నవ్వుతూ అరచెయ్యి అందరి ముందూ పైకెత్తాడు. పాట ఆగిపోయింది. అరచెయ్యంతా ఎర్రగా కమిలి, వేళ్ల మొదళ్ల దగ్గర తోలు తెల్లగా బుడగలు లేస్తోంది. ఈలలు పడలేదేమని లేలండ్ అందరి మొహాలూ చూస్తున్నాడు. అక్కడ నవ్వుతున్న మనిషి అతనొక్కడే.

మైదానం చివర వైద్యం గుడారంలో నర్సు చేతికి మందు రాసి కట్టు కట్టింది. నొప్పిగా ఉందా అని అడిగితే లేలండ్ లేదన్నాడు. నర్సు మార్సీ వైపు చూసింది. నర్సు అవతలికి వెళ్లేదాకా ఆగి, ఎప్పటి నుంచి అని మార్సీ అడిగింది. పోయిన చలికాలం నుంచి అన్నాడు. షుగరు వల్లే స్పర్శ పోయిందట, ముందు కాళ్లకి, తర్వాత వేళ్లకి, రెండు చేతులకీ. కత్తి గాటు పడినా రక్తం చూస్తేగానీ తెలియదట.

"పాతదున్నన్నాళ్లూ గడిచిపోయింది తల్లీ. ఏ కంత ఎంత తెరిస్తే ఎంత వేడో దానితో నాకు లెక్క ఉంది. చెయ్యి చాపడమంటావా, అది మీ ముచ్చట కోసం. ఈ కొత్తదాని సంగతే నాకు తెలియలేదు."

మార్సీకి షాపు మొత్తం కళ్ల ముందుకొచ్చింది. ఆ ఫ్యాను పొయ్యి, వంగి నిలబడ్డ మనిషి, డారీన్‌ని పిలిచిన తన గొంతు. అక్కడే చెప్పొచ్చు కదా నాన్నా అనబోయి, మాట మింగేసింది. అతను చెప్పాడు. తనకి చేతనైనట్టు చెప్పాడు. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

"వాళ్లకి చెప్పకు" అన్నాడు లేలండ్. "బీరు ఎక్కువైందని చెప్పు. తాగి చెయ్యి కాల్చుకున్నాడని చెప్పు."

"నువ్వు తాగవు కదా నాన్నా."

"అదైతే నవ్వుకుని మర్చిపోతారు."

మార్సీ వరసలోకి తిరిగొచ్చి అలాగే చెప్పింది. అందరి మొహాలూ ఒక్కసారి తేలికపడ్డాయి. ముసలాయనకి కొత్త పొయ్యి కిక్కెక్కించిందని ఎవరో అన్నారు. డారీన్ పడీపడీ నవ్వింది. షాపులో నవ్విన నవ్వే. ఆ రోజు ఆ నవ్వుని మొదలెట్టింది తనే కాబట్టి మార్సీ ఇప్పుడు ఆపమనలేకపోయింది. తండ్రిని రెండోసారి పదిమందిలో నవ్వులపాలు చేసినట్టయింది. భూమిలోకి దిగిపోతే బాగుండనిపించింది.

పక్కటెముకలు తన పొయ్యి మీదకి మార్చుకున్న వెర్లిన్ మాత్రం నవ్వలేదు. మాంసంలోంచి థర్మామీటరు లాగి, అంగీ అంచుతో తుడిచి, ఆమెని బండి చాటుకి పిలిచాడు.

"మా అక్కకి మాటిచ్చినప్పటి నుంచీ బావ చుక్క ముట్టలేదమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "ఇది ఆయన జేబులో పెట్టు. పారేసుకున్నానని చెప్పి నేను ఇంకోటి కొనుక్కుంటాలే."

ఆమె దాన్ని పట్టుకుని గాలికి ఎదురు నడిచి గుడారానికి వెళ్లింది. చూడగానే లేలండ్ అది ఎవరిదో పోల్చుకున్నాడు. వెర్లిన్‌కి చెప్పావా అని అడిగాడు. తాగావనే చెప్పానంది. నమ్మాడా అంటే ఆమె థర్మామీటరు అతని ముందుకి చాపింది. లేలండ్ దాని వంక చూశాడు. పందికి జ్వరమెంతని అడిగిన రోజులన్నీ లెక్క వేసుకుంటున్నాడేమో మరి. తర్వాత కట్టులేని చెయ్యి చాపి థర్మామీటరు తీసుకున్నాడు.

దారిలో చలికి ముల్లు అడుక్కి దిగిపోయి ఉంది. అతను దాని కొస రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ముల్లు మెల్లగా కదిలింది. కొంచెం ఆగి, ఇంకాస్త పైకి పాకింది.

"వెచ్చగానే ఉన్నాయే" అన్నాడు తన వేళ్ల వైపు చూసుకుంటూ, ఎవరో మంచి కబురు చెప్పినట్టు.

మార్సీ తల ఎత్తలేకపోయింది. అటు తిరిగి, కట్టు కట్టగా మిగిలిన గుడ్డపీలికలు ఏరుతూ ఉండిపోయింది.