తొమ్మిదో పాటలో ఖాళీలు

పుస్తకాలు కుట్టేవాడికి సూది, దారం, జిగురు ఇస్తే సరిపోయేది. దేవుడు చిలిపిబుద్ధి కూడా ఇచ్చాడు, అక్కడొచ్చింది చిక్కంతా. మన బైండరు ఆ బాపతే. చిన్నప్పుడు ఉప్పుడబ్బాలో పంచదార పోసిన చెయ్యి పెద్దయ్యాక ఊరుకుంటుందా?

అతనికీ, వాళ్ల అక్క మొగుడికీ ఒకటే పిచ్చి. ఏడు సంపుటాల మాయలోకపు నవల. కిరీటం పోగొట్టుకున్న రాజు, మాట్లాడే కొండ, జనాన్ని ఏరు దాటించే రాక్షసుడు, అబ్బో, చాంతాడంత కథ. బావ పగలు లిఫ్టులు బాగుచేస్తాడు, సాయంత్రం గిటారు పడతాడు. ఆ నవల మీద తొమ్మిది పాటల ఆల్బం మొదలెట్టారిద్దరూ. పాటకో పాత్ర. జానపద బాణీలకి గిటారూ డ్రమ్సూ తగిలించారు. దీన్ని ఫోక్ రాక్ అంటారని బావ చెబితే, ఏదన్నా అననీ, పక్కవాళ్లు తలుపు బాదకపోతే అదే పదివేలన్నాడు బామ్మర్ది.

ఏడో సంపుటం అట్ట ఊడితే, ఆఖరి పేజీలు చదవకముందే బైండింగుకిచ్చాడు బావ. మనవాడు ఆ చివరి ఫారం, అంటే ఒక్కటిగా కుట్టే పదహారు పేజీల మడత, ఊడదీసి, తనే ఓ ముగింపు రాసి, అలాంటి కాగితం మీదే అచ్చువేసి కుట్టేశాడు. అందులో రాక్షసుడు ఏట్లో మునిగి చస్తాడు. బావకి ఆ రాక్షసుడంటే ప్రాణం. ఓ పూట ఏడిపించి నవ్వుకుందామని ఎత్తు.

మూడు రోజుల తర్వాత బావ కళ్లు వాచిపోయి వచ్చాడు. చేతిలో పాట, రాక్షసుడి చావు మీద. మిగతా ఎనిమిదీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు. అది విన్నాక అసలు సంగతి చెప్పడానికి బైండరుకి మనసొప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నాలుగు నెలలు నెట్టేశాడు.

ఒక ఆదివారం ఆ నవల అభిమానులంతా కలిసిన చోట బావ ఆ పాట పాడాడు. ముందు వరసలోని టీచరమ్మ, రాక్షసుడు చావడు కదండీ అంది మెల్లగా. బావ నవ్వి సంచిలోంచి తన పుస్తకం తీశాడు. ఆవిడా తనది తీసింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాక, బావ తన పుస్తకం వెన్ను విప్పి చూశాడు. పాత కుట్టంతా తెల్లదారం. ఆఖరి ఫారానికి మాత్రం ఆకుపచ్చ దారం. ఆ దారం ఎవరి గూట్లో ఉంటుందో ఆయనకి తెలుసు.

తిట్టలేదు. గిటారు సర్దుకుంటూ, పక్కనే ఉన్న బామ్మర్దితో ఒక్కమాటే అన్నాడు.

"మూడ్రోజులు నాకు ముద్ద దిగలేదురా. నువ్వు నాలుగు నెలలుగా ఎదురుగా కూచుని చూస్తూనే ఉన్నావు."

ఆ తర్వాత, ఇద్దరూ పాటలు రికార్డు చేసుకునే షాపు వెనకగదిలో రెండు స్టూళ్లకి మనిషి ఒక్కడే మిగిలాడు. గోడలకి దుప్పట్లు కట్టుకుని డ్రమ్స్ తనే కొట్టాడు. రాజుగారి సైన్యానికి తనే ఇరవైసార్లు పాడి అతికించాడు. ఇరవైమంది సిపాయిలు, అందరికీ ఒకటే జలుబు. నవ్వొచ్చి పక్కకి తిరిగాడు. చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

తొమ్మిదోది, ఆ రాక్షసుడి పాట, అలాగే ఉండిపోయింది. బావ గొంతు లేనిదే ఆ ఆల్బం లేదు. బావేమో ఫోనెత్తడు. అక్కని బతిమాలితే ఆవిడ తేల్చేసింది.

"నన్ను రాయబారానికి పంపకు తమ్ముడూ. కుట్టింది నువ్వు, విప్పుకో."

దాచిన అసలు పేజీలు పట్టుకుని బావ పనిచేసే మేడకి వెళ్లాడు. లిఫ్టు గోతిలో హెల్మెట్టు మాత్రమే కనిపిస్తోంది. తప్పయిపోయింది బావా, అసలు పేజీలు తెచ్చానన్నాడు. హెల్మెట్టు పైకి తిరగలేదు.

"అక్కడ పెట్టి పో."

రెండువారాలకి అక్క ఓ పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చింది. కొత్త పాట. రాక్షసుడు బతికే ఉన్నాడు. ఇవతలి గట్టున నిలబడి, అవతల ఎవరని పిలుస్తున్నాడు. ప్రతి పిలుపు తర్వాతా గొంతు ఆగిపోతోంది, గిటారు మాత్రం సాగుతోంది. రికార్డింగ్ చెడిందనుకున్నాడు మొదట. రెండోసారి వింటే తెలిసింది, అవి అవతలిగట్టు జవాబుకి వదిలిన ఖాళీలని. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. తాళం లెక్కన నాలుగు దెబ్బలుండాల్సిన చోట అయిదున్నాయి. బైండరు ఎప్పుడూ ఒక దెబ్బ ఆలస్యంగా అందుకుంటాడు. ఏళ్ల తరబడి బావ చేత తిట్లు తిన్నది దానికే.

"బావ వస్తాడా అక్కా?"

"పాట పంపాడుగా. తను రాడట."

అక్క వెళ్లాక రెండో స్టూలు మీద దుమ్ము తుడిచి, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. చెవుల్లో బావ పిలిచాడు. జన్మలో మొదటిసారి సరిగ్గా వేళకి అందుకున్నాడు బైండరు. జవాబు చివర ఒక దెబ్బ ఖాళీగా మిగిలిపోయింది. దాన్ని అలాగే ఉంచేశాడు.