తోమేసిన క్యారేజీ

నేను ఒక మూడు గిన్నెల స్టీలు క్యారేజీని. ఒక హత్య కేసు సాక్ష్యాల్లో నా నంబరు నాలుగు.

రేకును అచ్చులో నొక్కి, అంచులు తిప్పి నన్ను తయారుచేశారు. వరహాలమ్మ పెళ్లికి ఆమె మేనత్త నన్ను కొనిచ్చింది. తొమ్మిదేళ్లు ఆమె భర్త గౌరినాయుడితో జూట్ మిల్లుకి వెళ్లివచ్చాను.

ఆ మంగళవారం అతను నాలోని అన్నం, వంకాయ వేపుడు తిని మూత పెట్టాడు. మూడు గంటలకు మిషన్ దగ్గర కుప్పకూలాడు. గుండెపోటనుకుని శవాన్ని ఇంటికి చేర్చారు. నన్నూ చేర్చారు. చావు జరిగిన ఇంట్లో వండినది ఉంచరు. పారబోసి గిన్నెలు తోమేయమని అతని తల్లి పోలమ్మ ఏడుస్తూనే చెప్పింది. కోడలు తోమింది.

శవం నోట నురగ చూసి ఎవరో పోలీసులకు కబురు పెట్టారు. పొట్టలో పురుగుమందు బయటపడింది. నాలో మెతుకు కూడా దొరకలేదు. అదే వరహాలమ్మ మీద సాక్ష్యమైంది.

స్టేషన్‌లో కానిస్టేబుళ్లు నా పక్కనే భోంచేసేవారు.

"మరిదితో యవ్వారం ఉండుంటాది."

"ఉత్తి మరిదేటి? యూనియన్ ఎన్నికల్లో ఈడు నిలబడ్డాడు కదా. మిల్లోళ్లే పెళ్లాన్ని ఆడించుంటారు."

"అయితే మేనత్తకీ తెలిసే ఉంటాది. క్యారేజీ కొన్నది ఆవిడే కదేటి."

నా గిన్నెల్లో విషం లేదని నాకొక్కదానికే తెలుసు. మూత పడ్డాక అతనికి ఎవరు ఏమిచ్చారో నాకు తెలియదు. ఆ సంగతి ఎవరూ వెతకలేదు. వరహాలమ్మ పద్నాలుగు నెలలు జైల్లో ఉంది.

కోడలే చంపిందని ఊరంతా పోలమ్మ చెవిలో పోసింది. ఆ ధైర్యంతోనే పోలీసుల తరఫు వకీలు ఆమెను బోనెక్కించి, నన్ను పైకెత్తాడు.

"దీన్నెవరు తోమారు?"

"కోడలు."

"ఎందుకు తోమింది?"

ముసలామె నావైపు చెయ్యి చూపింది.

"నానే తోమమన్నాను బాబూ. సావింట్లో ఒండింది ఉంచుతారేటి?"

"మరి పోలీసులకెందుకు చెప్పలేదు?"

"నన్నడగనేదు. ఆళ్లు సెప్పుకున్నదే నాను ఇన్నాను."

నెల తిరక్కుండా వరహాలమ్మ విడుదలైంది. కోర్టు గుమస్తా నన్ను ఆమె ముందు పెడితే, "వద్దు బాబూ, దీన్లో ఎవులు తింతారు," అని అత్త చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

అప్పటినుంచి కోర్టు గదిలో అరమీద ఉన్నాను. మొన్నొక కానిస్టేబుల్ నన్ను పక్కవాడికి చూపించి, ఆ హత్యలో ముసల్ది చెయ్యి కూడా ఉందని గొంతు తగ్గించి చెప్పాడు. వినేవాడు తలూపాడు.

మిల్లు భోజనాల కూత ఇక్కడికీ వినిపిస్తుంది. చంపినవాడు కూడా ఆ కూతకే చేతులు కడుక్కుని అన్నానికి కూర్చుంటాడు కాబోలు.